మీరు అడిగారు: సొలొవ్యోవ్ సంగతులు

ప్రశ్న: రష్యన్ నవలాకారుడు దొస్తొయెవ్‌స్కీ గురించి ఏం చదివినా మధ్యలో వ్లదీమిర్ సొలొవ్యోవ్ పేరు తగులుతోంది. ఎవరీయన? తత్వవేత్తా, కవా, సాధువా?

జవాబు: మొదటి రెండూ అవును. మూడోది కాదు, కాకపోతే చూసినవాళ్లు అలాగే అనుకునేవారు. పొడుగు జుట్టు, గడ్డం, సొంత ఇల్లంటూ లేకుండా హోటళ్లలోనూ స్నేహితుల ఇళ్లలోనూ బతుకు, పెళ్లి చేసుకోలేదు, చేతిలో డబ్బుంటే అడిగినవాడికల్లా ఇచ్చేయడం. అలాగని మూతి ముడుచుకుని కూర్చునే రకం అనుకోకండి, ఆయన పగలబడి నవ్వే నవ్వు గురించి తెలిసినవాళ్లందరూ రాశారు.

1853లో మాస్కోలో పుట్టాడు. తండ్రి రష్యా చరిత్రను 29 సంపుటాల్లో రాసిన సెర్గేయ్ సొలొవ్యోవ్. ఇంత పద్ధతైన ఇంట్లో పుట్టిన పిల్లాడు పదమూడు పద్నాలుగేళ్లకే దేవుడూ లేడు గీవుడూ లేడని తేల్చేసి, పూజలో ఉండే పవిత్ర చిత్రపటాల్ని కిటికీలోంచి బయటికి విసిరేశాడని చెబుతారు. యూనివర్సిటీలో ముందు సైన్సులో చేరి, అక్కడ మనసు నిలవక చరిత్ర, సాహిత్యం వైపు మారి, స్పినోజా, షోపెన్‌హవర్ లాంటి తత్వవేత్తల్ని చదువుతూ చదువుతూ మళ్లీ దేవుడి దగ్గరికే వచ్చాడు. 1874లో, ఇరవై ఒక్క ఏళ్లకి, పాశ్చాత్య తత్వశాస్త్రం సంక్షోభంలో ఉందంటూ సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. కొలతకి అందేది తప్ప ఇంకేదీ జ్ఞానం కాదనే పాజిటివిస్టుల మీద యుద్ధం అది. ఆయన మూలసూత్రం సర్వైక్యం, అంటే ఉన్నవన్నీ కలిసి ఒకటే అని. సైన్సు, తత్వం, మతం మూడూ సత్యంలో భాగాలే, ఏదో ఒకటి నేనే మొత్తం అని కూర్చున్నప్పుడే చిక్కు వస్తుందంటాడు. 1878లో పీటర్స్‌బర్గ్‌లో దీని మీద ఉపన్యాసాలిస్తే దొస్తొయెవ్‌స్కీ వచ్చి కూర్చునేవాడు. ఆ ఏడాదే దొస్తొయెవ్‌స్కీ చిన్న కొడుకు పోతే, ఇద్దరూ కలిసి ఆప్తినా మఠానికి వెళ్లొచ్చారు. దొస్తొయెవ్‌స్కీ నవల 'కరమాజొవ్ సోదరులు'లో భక్తుడైన తమ్ముడు అల్యోషాకి సొలొవ్యోవ్ పోలికలున్నాయని కొందరు, కాదు తర్కం మాట్లాడే అన్న ఇవాన్‌కి అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. నన్నడిగితే ఇవాన్ బుర్ర, అల్యోషా గుండె.

ప్రశ్న: ఈజిప్టు ఎడారిలో దేవత కనిపించిందని చెప్పుకున్నాడట. ఇలాంటివి నమ్మే మనిషిని తత్వవేత్త అని ఎలా అంటాం?

జవాబు: ఆ కథ చెప్పింది ఆయనే, చనిపోవడానికి రెండేళ్ల ముందు, 1898లో రాసిన 'మూడు కలయికలు' అనే కవితలో. తొమ్మిదేళ్లప్పుడు ఒక అమ్మాయి మీద మనసు పడి, పోటీకి వచ్చిన కుర్రాడితో ద్వంద్వయుద్ధం చేయాలని ఉడికిపోతూ చర్చికి వెళితే, అక్కడ నీలికాంతిలో ఒక స్త్రీమూర్తి మొదటిసారి కనిపించిందట. సోఫియా, అంటే దైవజ్ఞానం. 1875లో లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూములో మార్మికుల గ్రంథాలు తిరగేస్తుంటే రెండోసారి. ఈజిప్టుకి రా అని పిలుపు. వెంటనే బయల్దేరి కైరో చేరాడు, అక్కడి నుంచి ఎడారిలోకి కాలినడకన వెళ్లాడు. తలమీద పొడుగాటి సిల్కు టోపీ, ఒంటిమీద ఓవర్‌కోటు! ఆ వాలకం చూసి బెదూయిన్లు (ఎడారి సంచార తెగవాళ్లు) దయ్యమనుకుని చేతులు కట్టేసి, కాసేపటికి వదిలేసి పోయారు. రాత్రంతా చలిలో నక్కల ఊళలు వింటూ పడుకుని, తెల్లారి కళ్లు తెరిస్తే భూమీ ఆకాశమూ గులాబీల వాసన వేస్తూ, అందులో ఆమె. తిరిగొచ్చి ఒక రష్యన్ జనరల్‌కి చెప్పబోతే, ఇది ఎవరితోనూ అనకు నాయనా, పిచ్చోడనో మూర్ఖుడనో అంటారని ఆయన సలహా ఇచ్చాడు.

ఆ జనరల్ మాటని కూడా దాచకుండా కవితలో పెట్టాడు చూశారా, నాకు ఆయన మీద నమ్మకం కుదిరేది అక్కడే. జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని తన మీద తనే జోకులేసుకుంటూ చెప్పాడు. దర్శనం నిజమా అబద్ధమా నేను తేల్చలేను, తేల్చనక్కర్లేదు కూడా. ఆయన తత్వం దర్శనాన్ని సాక్ష్యంగా చూపించి ఒప్పుకోమనదు, వాదించే ఒప్పిస్తుంది. మీరూ ఆ వాదనతోనే తేల్చుకోండి.

ప్రశ్న: రాజుని చంపినవాళ్లని క్షమించమన్నాడంటారు. విప్లవకారుడా?

జవాబు: కానే కాదు. బాంబులంటే ఆయనకి అసహ్యం. 1881 మార్చి 1న (అప్పటి రష్యన్ క్యాలెండర్ లెక్క) రష్యా చక్రవర్తి (జార్) రెండో అలెగ్జాండర్ బాంబు దాడిలో చనిపోయాడు. పట్టుబడ్డవాళ్లకి ఉరి తప్పదని అందరికీ తెలుసు. మార్చి 28న పీటర్స్‌బర్గ్‌లో నిండు సభలో సొలొవ్యోవ్ అన్నదేమిటంటే, వాళ్లు చేసింది నేరమే, అయినా కొత్త జార్ నిజంగా క్రైస్తవ రాజైతే వాళ్లని చంపకూడదు. సభలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు తిట్టారు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు సింహాసనం మీదున్నాడు, నాలుగు వారాలైనా కాలేదు, ఊరంతా టెన్షన్. అప్పుడు ఈ మాట! తర్వాత జార్‌కి ఉత్తరం రాసి సంజాయిషీ ఇచ్చాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. (విచిత్రంగా, టాల్‌స్టాయ్ కూడా అదే నెలలో విడిగా జార్‌కి ఇలాంటి ఉత్తరమే రాశాడు. తర్వాత్తర్వాత వీళ్లిద్దరికీ అస్సలు పడలేదు.) ఏప్రిల్ 3న ఐదుగురిని ఉరితీశారు. సొలొవ్యోవ్‌ని బహిరంగ ఉపన్యాసాలు ఆపమన్నారు, ఆ ఏడాదే ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశాడు. ప్రొఫెసర్‌గా దూసుకుపోవాల్సిన మనిషి ఇరవై ఎనిమిదేళ్లకే రోడ్డున పడ్డాడు. రాజ్యం కూడా నీతికి కట్టుబడాలని రాసినవాళ్లు బోలెడంతమంది ఉంటారు, దానికోసం ఉద్యోగం వదులుకున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ప్రశ్న: చివరికి కాథలిక్‌గా మారాడా?

జవాబు: 1896లో మాస్కోలో తూర్పు సంప్రదాయానికి చెందిన ఒక కాథలిక్ ఫాదర్ చేతుల మీదుగా ప్రసాదం (క్రైస్తవుల రొట్టె, ద్రాక్షరసం) తీసుకున్నాడు. 1900లో మరణశయ్య మీద రష్యా సొంత చర్చి అయిన ఆర్థడాక్స్ ఫాదర్‌ని పిలిపించుకున్నాడు. రెండు చర్చిలూ లోపల ఒకటే అని నమ్మినవాడికి ఇందులో మారడం ఏముంది? ఆఖరి రోజుల్లో యూదుల కోసం ప్రార్థించాడు, హీబ్రూలో కీర్తన చదివాడు. రష్యాలో యూదుల మీద జరుగుతున్న దుర్మార్గాన్ని ఖండిస్తూ 1890లో నిరసన పత్రం రాసి పెద్దపెద్దవాళ్ల సంతకాలు పోగుచేసింది కూడా ఈయనే, దాన్ని రష్యాలో అచ్చువేయనివ్వలేదు.

ప్రశ్న: ఆయన ప్రభావం ఎవరి మీద ఉంది? ఏది ముందు చదవాలి?

జవాబు: బెర్ద్యాయెవ్, బుల్గాకొవ్ (నవలాకారుడు కాదు, ఫాదర్ సెర్గేయ్), ఫ్లొరెన్‌స్కీ లాంటి తర్వాతి తరం రష్యన్ మత తత్వవేత్తలందరూ ఆయన వేసిన దారినే నడిచారు. సోఫియా సిద్ధాంతం పుణ్యమా అని బుల్గాకొవ్ 1935లో మాస్కో చర్చి చేత ఖండనకి కూడా గురయ్యాడు. కవుల్లో బ్లోక్, అంద్రేయ్ బేలీ. తమాషా ఏమిటంటే రష్యన్ సింబలిస్టుల (ప్రతీకలతో రాసే కవుల) తొలి సంపుటాలు వచ్చినప్పుడు సొలొవ్యోవ్ పేరడీలు రాసి మరీ వాళ్లని ఉతికి ఆరేశాడు, ఆయన పోయాక ఆ బడిలోని కుర్రకవులే ఆయన్ని గురువన్నారు.

చదవడానికైతే చివరి పుస్తకం 'మూడు సంభాషణలు' పట్టుకోండి. అందులో క్రీస్తు విరోధి (లోకాంతానికి ముందు వస్తాడని క్రైస్తవులు నమ్మే శత్రువు) కొమ్ములూ కోరలూ ఉన్న రాక్షసుడు కాదు. ముప్పై మూడేళ్ల మేధావి, శాకాహారి, జంతుప్రేమికుడు, లోకానికి శాంతి, అందరికీ తిండి తెచ్చిపెట్టినవాడు. అతనికి కావాల్సిందల్లా తనని మించి ఎవరూ లేకపోవడం. అందులో నాకు మింగుడుపడనిది ఒకటే, తూర్పు నుంచి ఆసియా జనం వచ్చి యూరప్‌ని ముంచేస్తారనే భయం. 1894లో రాసిన 'పాన్‌మంగోలిజం' కవితలోనూ అదే గోల. ఆ కవితలోని పంక్తులనే 1918లో బ్లోక్ తన 'సిథియన్లు' కవితకి మొదట్లో ఉటంకింపుగా పెట్టుకుని, అవును మేం ఆసియావాళ్లమే, ఏం చేస్తారో చేసుకోండి అని యూరప్‌నే బెదిరించాడు.