అన్నిటికీ పక్కటెముకలేనా?

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ అనువాద కథ అందింది. మూడో పేజీలో 'పక్కటెముకల స్వెటరు' దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. మాట మారలేదు. 'రిబ్డ్' అన్న ఇంగ్లీషు మాటకు నిఘంటువులో మొదట దొరికిన అర్థాన్ని తెచ్చి ఆ ముసలాయనకు తొడిగేశావు. ఆ తర్వాత ఆకుకూ పక్కటెముకలే, ఇసుకకూ పక్కటెముకలే.

ఆ భాషలో 'రిబ్' ఒంట్లోని ఎముకే. అక్కడి నుంచి పడవ లోపలి వంపు దూలాలకూ, ఆకు నడిమి కాడకూ, ఉబ్బెత్తు చారలున్న అల్లికకూ పాకింది. ఇంగ్లండులో 1093లో కట్టడం మొదలైన డర్హం చర్చిలో పైకప్పు కింద ఒకదాన్నొకటి దాటుకుపోయే రాతి వంపులకూ అదే పేరు. చివరికి ఆటపట్టించడానికి కూడా! నీ కథలో మనవడు తాత పక్కటెముకల్లో పొడవలేదు నాయనా, ఆటపట్టించాడు.

మన దగ్గర ఉబ్బు ఎక్కడుందో చూసి పేరు పెడతారు. ఆకుకు ఈనె, చేనుకు బోదె, బెత్తం దెబ్బ తిన్న వీపుకు తట్టు. అలాగని మన మాటలు ఇల్లు కదలవని కాదు. పొలం హద్దూ గట్టే, ఏటి ఒడ్డూ గట్టే, మన వైపు చిన్న కొండా గట్టే. అప్పు తీరినవాడు ఎక్కేదీ గట్టే.

నిన్న పచ్చి వేరుశనగ కాయలు కడుగుతూ నీ గురించే అనుకున్నాను. ఒక కాయను వేళ్ల మధ్య తిప్పి చూడు. తొడిమ నుంచి ముక్కు దాకా నిలువుగా ఈనెలు, వాటిని కలుపుతూ అడ్డంగా మరికొన్ని, నడుమ గుంటలు. ఈనెల మీది మట్టి వేలితో రుద్దితే పోతుంది, గుంటల్లోది పోదు. అందుకే ఎంత కడిగినా ఉడికించిన నీళ్లలో కాస్త మట్టి దిగుతుంది. రకాలను గుర్తించే శాస్త్రవేత్తలు కాయ ముక్కుతో, నడుము నొక్కుతో పాటు ఈ వల ఎంత స్పష్టంగా ఉందో కూడా చూస్తారు. ఈ జిల్లాలో పుట్టిన నువ్వేమో నీ మొదటి కథలో 'గరుకు కాయ' అని వదిలేశావు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

స్వెటరుకు 'ఉబ్బు చారల అల్లిక' చాలు. అది చేతికి తగలాలంటే, విప్పాక ముసలాయన మణికట్టు మీద మిగిలిన అచ్చులు రాయి.

ఇసుకకు మాత్రం నా దగ్గరా మాట లేదు. 'గాలి దువ్విన ఇసుక' అని రాసుకుని కొట్టేశాను. ఎండాకాలం తాడిపత్రి వస్తే పెన్నలోకి దిగి చూద్దాం. చెప్పులు లేకుండా రా.