ఇంట్లో దొరికినవాళ్లనే లెక్కపెడితే పేదవాళ్ల లెక్క తేలదు

"ప్రజారోగ్య పరిశోధనల వల్ల పేదలకు, ఏజెన్సీ జనానికి నిజంగా మేలు జరుగుతుందా, లేక అవన్నీ కాగితాలకేనా?" అని అడిగారు. జరుగుతుంది. కాకపోతే పరిశోధన చేసేవాళ్లు ముందు మిర్చి ఏరే కాలం ఎప్పుడో తెలుసుకోవాలి.

నవ్వకండి. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ములుగు జిల్లా ఏటూరునాగారం వైపు రక్తహీనత మీద ఒక సర్వేలో పనిచేశాను. ఎవరి సర్వేనో చెప్పను. ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. ఆ నెలలో మంగపేట, ఏటూరునాగారం మండలాల్లో ఆడవాళ్లు ఇంట్లో ఎక్కడుంటారండీ? తెల్లారకముందే సద్ది కట్టుకుని ఆటోల్లో మిరపతోటలకు పోతారు. మేం హన్మకొండలో టిఫిన్ చేసి జీపెక్కి గూడెం చేరేసరికి పదకొండు. ఎక్కడ చూసినా తాళాలు, తాళం లేనిచోట తలుపుకు తాడు. ట్యాబ్‌లో 'ఇంటికి తాళం' అని ఒక ఆప్షన్ ఉండేది. అది నొక్కితే పక్కింటి ప్రశ్నలు వచ్చేవి. రోజంతా అదే నొక్కుడు.

ఒక గూడెంలో చెట్టు కింద చింతపండు గింజ తీస్తున్న అవ్వ మా తిరుగుడంతా చూసి పిలిచింది. "ఎవలు గావాలె బిడ్డా?" అంది. రక్తం తక్కువున్నవాళ్లకు పరీక్ష చేయడానికి వచ్చామన్నాను. "రక్తం లేనోళ్లే గదా మిరపకాయ ఏరవోయింది! కూలికి పోయే పని లేనోళ్లు ఇంట్ల ఉన్నరు, గాళ్లనే రాసుకొని పోతున్నరు. పొద్దుగూకినంక రాండ్రి" అంది. ఈ మాట మా సూపర్‌వైజర్‌కి చెబితే, డ్రైవర్ డ్యూటీ ఐదింటికే అయిపోతుందన్నారు. అంతే. ఆ గూడెంలో అసలు నీరసంగా ఉన్నవాళ్లు లెక్కలోకే రాలేదు. రిపోర్టులో ఆ ఊరు ఆరోగ్యంగానే కనిపించి ఉంటుంది.

ఇంకా అడవి లోపల ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయల గుంపులున్నాయి. మా లిస్టులో ఆ ఇళ్లే లేవు. వాళ్ల తలుపుకు తాళం ఉందో లేదో చూసే అవసరం కూడా రాలేదు మాకు.

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 39 ఊళ్లలో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకితే (సెప్సిస్) ఇంజెక్షన్ వేయడం వాళ్లే నేర్చుకున్నారు. మూడో ఏడాదికి ఆ ఊళ్లలో నెలలోపు పసికందుల చావులు, ఈ పని జరగని ఊళ్లతో పోలిస్తే, 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఇవాళ మన ఆశా అక్క బాలింత ఇంటికి మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా వస్తోందంటే దాని మూలం అక్కడుంది. పరిశోధన చేసినవాళ్లు అక్కడే కాపురం పెట్టారు కాబట్టే అది కుదిరిందని నా గట్టి నమ్మకం. జీపులో వచ్చిపోయేవాళ్లతో అయ్యే పని కాదు.

టీబీ సంగతీ అంతే. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో రోగి ఇంటివాళ్లకు నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, 2023లో ఫలితాలు వచ్చాయి. మన దగ్గర రోగి ఖాతాలో డబ్బులు వేస్తున్నారు. 2018లో నెలకు 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి 1,000. మంచిదే. కానీ అక్కడ పనిచేసింది బియ్యం, పప్పు, అదీ ఇంటిల్లిపాదికీ. ఖాతాలో పడ్డ వెయ్యి కిరాణా అప్పుకు పోతుందో, ఇంకెక్కడికి పోతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పరిశోధన ఒకటి చెబితే మనం ఇంకొకటి చేసి, తర్వాత పరిశోధనలు దండగ అనుకుంటాం.

ఇంకో కోపం కూడా ఉంది. ఏ ఇంట్లో ఎవరు దగ్గుతున్నారో, ఎవరు ఏ తోటకు పోయారో ఆశాలకు తెలుసు. వాళ్లను వెంట తిప్పుకుని, దారి చూపించుకుని, సాయంత్రం టీఏలు (ప్రయాణ ఖర్చులు) మాత్రం మేం రాసుకునేవాళ్లం. ప్రాజెక్టు బడ్జెట్ వేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆశా రోజుకూలి రాయండి, ట్యాబులు తర్వాత కొందురు.