ప్రకటన కింద ఎవరి పేరు పడుతుందో ముందు అడగండి

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ చేసి, అమీర్‌పేటలో ఆర్నెల్లు డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంది. హైదరాబాద్‌లో ఒక రాజకీయ కన్సల్టెన్సీ వాళ్లు ఏడాది కాంట్రాక్టు మీద ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఒక పార్టీకి ఫేస్‌బుక్, యూట్యూబ్ ప్రకటనలు చూసుకునే పని. జీతం 28 వేలు. తను వెళ్తానంటోంది. కాంట్రాక్టు అయ్యాక పరిస్థితేంటి, రేపు ఇంకో కంపెనీలో "నువ్వు ఫలానా పార్టీ మనిషివి కదా" అంటే ఏం చెయ్యాలి అని మాకు టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?

జవాబు: పంపండి. కాకపోతే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు మీ అమ్మాయిని వాళ్లనొక ప్రశ్న అడగమనండి. "ప్రకటనలు ఎవరి ఐడీ మీద నడుస్తాయి? కింద ఎవరి పేరు పడుతుంది?" జీతం, టైమింగ్స్, హాస్టల్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఎందుకో చెబుతాను.

ఈ ఆదివారం భోజనాలయ్యాక తండ్రీకూతుళ్లిద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చుని ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ ప్రకటనలన్నీ చూపించే యాడ్ లైబ్రరీ అనే వెబ్‌సైట్ తెరవండి. లాగిన్ కూడా అక్కర్లేదు. దేశం దగ్గర ఇండియా, రకం దగ్గర ఎన్నికలు, రాజకీయాలు ఎంచుకుని మీకు తెలిసిన ఏ పార్టీ పేరో, నాయకుడి పేరో కొట్టండి. వరసగా కార్డులు వస్తాయి. ఒకదాన్ని నొక్కితే ఆ ప్రకటన ఏ తేదీన మొదలైంది, సుమారు ఎంత ఖర్చు పెట్టారు, ఎన్నిసార్లు కనబడింది, చూసినవాళ్లలో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఏ వయసువాళ్లు, ఏ రాష్ట్రంవాళ్లు అన్నీ ఉంటాయి. ఓపిగ్గా కిందికి వెళ్తూ ఉంటే ఒకే నాయకుడి వీడియో రెండు మూడు రకాలుగా ఎదురవుతుంది. ఒకటి పింఛన్ల మాటతో మొదలై పెద్దవాళ్లకి ఎక్కువ వెళ్లి ఉంటుంది. ఇంకొకటి ఉద్యోగాల మాటతో మొదలై పాతికేళ్ల కుర్రాళ్లకి వెళ్లి ఉంటుంది. ఎవరికి ఏ ముక్క ముందు చూపించాలి, దేని మీద ఇంకో వెయ్యి పెట్టాలి, దేన్ని ఆపెయ్యాలి. మీ అమ్మాయి రోజంతా చేయబోయే పని అదే.

అదే కార్డులో పేజీ పేరు దగ్గర, ఈ ప్రకటనకి డబ్బు కట్టింది ఎవరో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ ఆగండి. పార్టీ పేరుంటే సరే. కొన్నింటికి మాత్రం ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి పేరుంటుంది. ఫేస్‌బుక్‌లో రాజకీయ ప్రకటన ఇవ్వాలంటే ఎవరో ఒకరు తన గుర్తింపు కార్డు చూపించి అనుమతి తెచ్చుకోవాలి. 2019 ఎన్నికల ముందు నుంచి మన దేశంలో ఈ నిబంధన ఉంది. పార్టీకి సంబంధం లేనట్టు పైకి కనబడే పేజీలు నడిపేవాళ్లలో కొందరు, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల్ని ఆ 'ఎవరో ఒకరు'గా వాడుకుంటారు. ఆ ప్రకటనలు లైబ్రరీలో ఏడేళ్లు ఉంటాయి. పార్టీ ముద్ర పడుతుందని మీరు భయపడుతున్నారు కదా, అది నిజంగా పడేది ఇక్కడే. ఫలానా సంస్థలో పనిచేశానని బయోడేటాలో రాసుకున్నందుకు ఎవరూ ఏమీ అనరు.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి ఇదే జరిగింది. చేరిన రెండో వారంలో ఆధార్ అడిగారు, ఇచ్చాడు. "ఆఫీసు కార్డు పనిచెయ్యట్లేదు, ఈ నాలుగు రోజులకి నీ కార్డు పెట్టు, బిల్లు మేం కట్టేస్తాం" అన్నారు, పెట్టాడు. అభ్యర్థి ఓడిపోయాడు. వారం తిరక్కుండా ఆఫీసుకి తాళం పడింది. కార్డు బిల్లు వాళ్ల నాన్న కట్టారు. డబ్బు పోతే పోయింది, అవతలి పార్టీ నాయకురాలిని కించపరిచే ఒక వీడియో కింద, ఆ అబ్బాయి ఒక్క అక్షరం కూడా రాయని వీడియో కింద, వాడి పూర్తి పేరు అలాగే ఉండిపోయింది. నా ఎదురుగా కూర్చుని ఫోన్లో దాన్ని తెరిచి చూపిస్తుంటే వాడి చెయ్యి వణికింది. 22 ఏళ్ల పిల్లాడు. అప్పటినుంచి ఈ రంగంలోకి వెళ్తామని వచ్చే ప్రతి ఒక్కరికీ ముందు ఈ మాటే చెబుతున్నాను.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. అభ్యర్థి రాతపూర్వకంగా అనుమతివ్వకుండా అతని గెలుపు కోసం ఎవరైనా ప్రకటనల మీద ఖర్చు పెడితే భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద నేరం. జరిమానా 10 వేల రూపాయల వరకే. కానీ పాస్‌పోర్టుకో వీసాకో వెళ్లినప్పుడు కేసు ఉందంటే అది చిన్న విషయం కాదు.

పద్ధతిగా నడిచే చోటు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. 2013 అక్టోబరులో ఎన్నికల సంఘం సోషల్ మీడియా ప్రచారానికి నిబంధనలు పెట్టింది. ప్రకటన వెయ్యక ముందే, ప్రకటనల్ని పరిశీలించే ఎంసీఎంసీ అనే కమిటీ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. గుర్తింపు ఉన్న పార్టీలు, అభ్యర్థులు కనీసం 3 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. అభ్యర్థి ఖర్చు లెక్కలో ఫేస్‌బుక్‌కి కట్టిన డబ్బే కాదు, వీడియోలు తయారు చేసిన ఖర్చు, ఆ ఖాతాలు చూసుకునే టీముకిచ్చిన జీతాలు కూడా రావాలి. మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఆ లెక్కలో చూపించడం ఇష్టంలేనివాళ్లే జీతం చేతికిస్తామంటారు. అందుకే, జీతం బ్యాంకు ఖాతాలో పడుతుందా అని కూడా అడగమనండి. నగదు ఇస్తామంటే వద్దనండి, ఇంకో మాటే లేదు.

పని విలువ విషయంలో మాత్రం మీకు బెంగ అక్కర్లేదు. 2008లో అమెరికాలో ఒబామా ప్రచారంలో డాన్ సిరోకర్ అనే యువకుడు గూగుల్ ఉద్యోగం నుంచి వచ్చి చేరాడు. వెబ్‌సైట్‌కి వచ్చినవాళ్ల చేత ఈమెయిల్ ఇచ్చి పేరు నమోదు చేయించాలి, ఇదీ సమస్య. నాలుగు రకాల బటన్లు, ఆరు రకాల ఫొటోలు, వీడియోలు తీసుకుని 24 కలయికలు పరీక్షకి పెట్టారు. టీములో ఎక్కువమందికి ఒక వీడియో నచ్చింది. తీరా చూస్తే వీడియోలన్నీ ఫొటోల కంటే వెనకబడ్డాయి. ఒబామా కుటుంబంతో దిగిన ఫొటో, 'మరింత తెలుసుకోండి' అనే బటన్ గెలిచాయి. అంతకుముందు వందకి 8.26 మంది పేరిస్తుంటే అది 11.6కి పెరిగింది. ఆ సిరోకర్ తర్వాత ఇదే పరీక్షలు చేసిపెట్టే ఆప్టిమైజ్‌లీ అనే కంపెనీ పెట్టాడు. తనకి నచ్చింది పక్కన పెట్టి, అంకెలు ఏం చెబుతున్నాయో చూసే అలవాటు ఒక్కటి మీ అమ్మాయికి ఏడాదిలో పట్టుబడితే, ఆస్పత్రులు, కాలేజీలు, బట్టల షాపులు ఎవరైనా తీసుకుంటారు. రాజకీయ ప్రచారంలో ఉన్నంత ఒత్తిడి, వేగం ఇంకెక్కడా దొరకవు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ప్రచారం బంద్, అంతకుముందే అన్నీ అయిపోవాలి. ఆ రోజుల్లో నిద్ర ఉండదు, ఇంటికి ఫోన్ కూడా చెయ్యకపోవచ్చు. కంగారు పడకండి.

ఫేస్‌బుక్ యాడ్స్ బటన్లు నొక్కడం ఒక్కటే నేర్చుకుని రావద్దని చెప్పండి. యూరోపియన్ యూనియన్‌లో కొత్త నిబంధనలు వచ్చాయని 2025 అక్టోబరు నాటికి మెటా, గూగుల్ అక్కడ రాజకీయ ప్రకటనలు తీసుకోవడమే మానేశాయి. ఒక్క నిర్ణయంతో ఒక పని మాయమైపోగలదు. ఎక్సెల్, కాస్త ఎస్‌క్యూఎల్ (డేటాబేసులోంచి సమాచారం తీసే భాష), మంచి తెలుగులో నాలుగు వాక్యాలు రాయడం చేతనైనవాళ్లకి అప్పుడు కూడా దారి ఉంటుంది. మంచి తెలుగు అని ఊరికే అనలేదు. ఇంగ్లిష్‌లో ఆలోచించి తెలుగులోకి దించిన ప్రకటనలు చూసీ చూసీ జనం వేలితో పైకి తోసేస్తున్నారు. తెనాలి పిల్లకి అది పెద్ద బలం.

ఇంకొకటి, ఫోన్ నంబర్ల సంగతి. ఎన్నికల సంఘం బయటపెట్టే ఓటర్ల జాబితాలో పేరు, తండ్రో భర్తో పేరు, ఇంటి నంబరు, వయసు, ఓటరు కార్డు నంబరు ఉంటాయి. మొబైల్ నంబరు ఉండదు, కులం ఉండదు, ఏ పథకం అందుతోందో ఉండదు. ఆ కాలమ్‌లున్న ఎక్సెల్ షీటు ఎవరైనా వాట్సాప్‌లో పంపి "కాల్స్‌కి పెట్టు" అంటే, ఇది ఎక్కడినుంచి వచ్చిందని అడగాలి. జవాబు రాకపోతే సొంత ఫోన్‌లోకి, సొంత లాప్‌టాప్‌లోకి దించుకోకూడదు. 2019 ఎన్నికల ముందు హైదరాబాద్‌లో ఒక పార్టీ యాప్ డేటా మీద కేసు పెట్టినప్పుడు ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. 8.7 కోట్ల మంది ఫేస్‌బుక్ సమాచారం వాడుకుందన్న ఆరోపణలతో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ కన్సల్టెన్సీ 2018లో మూతబడింది. అక్కడ పనిచేసిన మామూలు ఉద్యోగులు కూడా ఆ పేరు మోయాల్సి వచ్చింది.

ఏ పార్టీ అని నేను అడగను. ఆ పార్టీ మాట రోజుకి పదిసార్లు రాయడం తనకి మనస్ఫూర్తిగా వీలవుతుందా అని మాత్రం అమ్మాయిని అడగండి. వీలు కాదంటే 28 వేలకి ఆ పని చెయ్యనక్కర్లేదు.

ఈ ప్రశ్నలన్నీ మీరు ఫోన్ చేసి అడగొద్దు సార్, తననే అడగనివ్వండి. నాన్న మాట్లాడిన అమ్మాయికి ఆఫీసులో విలువ ఇవ్వరు. మాటల్లో చెప్పింది చాలదు, ప్రకటనలు సంస్థ ఐడీతో, సంస్థ కార్డుతోనే నడుస్తాయని, తన ఆధార్ వాడరని మెయిల్‌లో రాసివ్వమని అడగమనండి. రెండు రోజుల్లో ఆ మెయిల్ వస్తే బ్యాగు సర్దండి.