వెజ్ అని చెప్పి కీమా వడ్డించారు, పైగా సర్వీస్ చార్జీ: కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను నోయిడాలో ఉద్యోగం చేస్తున్నాను. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో కొత్తగా తెరిచిన ఒక అఫ్గాన్ రెస్టారెంట్‌కు తీసుకెళ్లాను. అమ్మ పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టలేదు. కూర్చోగానే ఆ మాట వెయిటర్‌కు హిందీలో చెప్పి, వెజ్‌లో ఏమున్నాయని అడిగాను. అతను మెనూలో 'ఆషక్' చూపించి, లోపల ఆకుకూరే ఉంటుందన్నాడు. అమ్మ రెండు ముక్కలు తిన్నాక, పైన పోసిన ఎర్ర సాస్‌లో కీమా ఉందని నాన్న గమనించారు. అమ్మకు అక్కడే వాంతి అయింది. మేనేజర్ సారీ చెప్పి ఆ ఐటమ్‌ను బిల్లులోంచి తీసేశాడు. కానీ మిగిలిన రూ. 2,400 మీద 10 శాతం సర్వీస్ చార్జీ వేశారు. తీసేయమంటే, మెనూలో రాశాం కాబట్టి కట్టాల్సిందే అన్నారు. అమ్మను త్వరగా ఇంటికి తీసుకెళ్లాలని కట్టేసి వచ్చాం. నాన్న మాత్రం పోలీసు కేసు పెట్టాల్సిందే అంటున్నారు. అక్కడ పనిచేసేవాళ్లలో శరణార్థులు ఉన్నారని విన్నాను. వాళ్ల పొట్ట కొట్టినట్టు అవుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ అమ్మగారి విషయం. రెండు ముక్కలే కదా, తెలియక తిన్నది కదా అని ఎవరైనా తేలిగ్గా కొట్టిపారేస్తే ఒప్పుకోకండి. ఒక జీవితకాలపు నియమాన్ని వేరేవాళ్ల నిర్లక్ష్యం వల్ల పోగొట్టుకోవడం చిన్న బాధ కాదు. ఆహార పదార్థాల మీద వివరాలు వెల్లడించాలన్న కేసులో 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. తాను తింటున్నదేమిటో తెలుసుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని, జంతువుల నుంచి వచ్చిన పదార్థం ఎంత తక్కువగా కలిసినా ఆ సంగతి దాచకూడదని అంది. అది ముఖ్యంగా ప్యాకెట్లలో అమ్మే ఆహారం గురించి వచ్చిన తీర్పు. అయినా మీ ఫిర్యాదులో ఆ సూత్రాన్ని నిక్షేపంగా వాడుకోవచ్చు.

మీకు జరిగినవి రెండు వేర్వేరు అన్యాయాలు. రెండింటినీ కలిపి ఒకే కోపంగా రాస్తే రెండూ బలహీనపడతాయి. సర్వీస్ చార్జీ సంగతి సులువు, దాన్ని ముందు తేల్చేద్దాం.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ చార్జీని వాటంతట అవే కలపకూడదు. వేరే పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదు. కట్టనంటే లోపలికి రానివ్వకపోవడం, బలవంతపెట్టడం కుదరదు. తిండి ధరకు సర్వీస్ చార్జీ కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయడమూ తప్పే. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కడంతో అదే నెలలో ఢిల్లీ హైకోర్టు వీటిపై స్టే ఇచ్చింది. అప్పటి నుంచి దాదాపు మూడేళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు వసూలు చేశారు. 2025 మార్చి 28న అదే హైకోర్టు సింగిల్ జడ్జి ఆ మార్గదర్శకాలు చెల్లుతాయని తీర్పు చెప్పి, పిటిషన్లు వేసిన రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించారు. సర్వీస్ చార్జీ అయినా టిప్ అయినా కస్టమర్ ఇష్టపూర్వకంగా ఇవ్వాల్సిందే తప్ప బలవంతంగా రాబట్టేది కాదన్నది ఆ తీర్పు సారాంశం. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగిపోదు.

కాబట్టి 'మెనూలో రాశాం' అనే మాట నిలబడదు. మెనూలో చిన్న అక్షరాలతో రాయడం మీ అంగీకారం కాదు. మీ బిల్లు లెక్క చూడండి. 2,400 మీద సర్వీస్ చార్జీ 240. రెండూ కలిపిన 2,640 మీద 5 శాతం జీఎస్టీ వేసి ఉంటే 132, మొత్తం 2,772. న్యాయంగా అయితే 2,400 మీద 120 జీఎస్టీతో 2,520 కట్టాలి. అంటే మీ దగ్గర ఎక్కువగా తీసుకున్నది 252. చిన్న మొత్తమే, కానీ ఆ హాల్లో ప్రతి టేబుల్ దగ్గరా ఇలాగే తీసుకుంటున్నారన్న సంగతి గుర్తుపెట్టుకోండి. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. హెల్ప్‌లైన్ వాళ్లు తీర్పు ఇవ్వరు, రెస్టారెంట్‌కు మీ ఫిర్యాదు పంపి సమాధానం రాబడతారు. సర్వీస్ చార్జీ విషయంలో చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

ఇక అసలు సంగతి, ప్లేటులోకి వచ్చిన కీమా.

ఆషక్ అంటే గందనా అనే ఆకును పిండిలో పెట్టి ఉడికించే వంటకం. గందనా మన ఉల్లికాడల జాతిదే. దాని మీద వెల్లుల్లి కలిపిన పెరుగు, ఆపైన టమాటాతో వండిన కీమా వేయడం అఫ్గాన్ ఇళ్లలో మామూలు పద్ధతి. వెయిటర్ 'లోపల ఆకుకూరే' అన్నది అక్షరాలా నిజం. కానీ మీరు అడిగింది లోపల ఏముందని కాదు, శాకాహారమేనా అని. ఆ ప్రశ్నకు సగం జవాబు ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం కిందికి వస్తుంది. వినియోగదారుకు నష్టం కలిగించే నిర్లక్ష్యం, తెలియాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం రెండూ లోపమేనని ఆ చట్టంలో సేవాలోపానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఉంది. వెయిటర్ మాతృభాష దరీ కావచ్చు, హిందీ అంతంతమాత్రమే కావచ్చు. ఆ ఇబ్బందికి పరిష్కారం చూడాల్సింది యజమాని. ఆర్డర్ తీసుకునే మనిషి చెప్పిన మాటకు వ్యాపారమే బాధ్యత వహిస్తుంది.

ఈ ఫిర్యాదులపై తీర్పు ఇచ్చే వినియోగదారుల కమిషన్లు ఇలాంటి కేసుల్లో ఒకే దారిలో వెళ్లవు, ఇది మీకు ముందే చెప్పాలి. 2023లో జోధ్‌పుర్‌లో వెజ్ ఆర్డర్‌కు బదులు నాన్‌వెజ్ పంపినందుకు ఒక డెలివరీ సంస్థకూ ఒక పెద్ద రెస్టారెంట్ కంపెనీకీ కలిపి అక్కడి వినియోగదారుల ఫోరం లక్ష రూపాయల జరిమానా వేసింది. 2025లో ముంబైలో మాత్రం, చికెన్ మోమోలు వచ్చాయన్న ఇద్దరు శాకాహారుల ఫిర్యాదును జిల్లా కమిషన్ కొట్టేసింది. అంత నిష్ఠగా ఉండేవాళ్లు రెండు రకాలూ అమ్మే చోట ఎందుకు తిన్నారు, తినేముందు చూసుకోలేదా అని అడిగింది. వాళ్ల బిల్లులో కూడా నాన్‌వెజ్ అనే ఉంది. అంత కఠినంగా మాట్లాడాల్సింది కాదని నా అభిప్రాయం. రెండు రకాలూ అమ్ముకునే వ్యాపారి శాకాహారుల డబ్బు కూడా కోరుకుంటున్నాడు కాబట్టి, వాళ్ల పట్ల జాగ్రత్త కూడా అతనిదే. కానీ రెస్టారెంట్ తరఫు లాయరు మీ కేసులో మొదట చూపించేది ఆ ముంబై తీర్పునే. దానికి సిద్ధంగా ఉండాలి.

మీ కేసు అంతకన్నా బలమైనది. మీరు ఆర్డర్‌కు ముందే శాకాహారమని చెప్పి అడిగారు. ఆ వంటకాన్ని సూచించింది వాళ్లే. పేరు చూసి పోల్చుకునే వీల్లేని కొత్త వంటకం, పైగా సాస్‌లో కలిసిపోయిన కీమా. సంగతి తెలియగానే మేనేజర్ సారీ చెప్పి బిల్లులోంచి తీసేయడం దాదాపు ఒప్పుకోవడమే. ఇక మిగిలింది రుజువు. ఇప్పుడే కొన్ని పనులు చేయండి. బిల్లు, యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ భద్రపరచండి. ప్లేటు ఫొటో తీసి ఉంటే దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా అసలు ఫైలుగానే ఉంచండి. మెనూలో ఆషక్ దగ్గర ఏం రాసిందో చూడటం చాలా ముఖ్యం. అక్కడ కీమా అని స్పష్టంగా రాసి ఉంటే వాళ్లకు కొంత బలం చేకూరుతుంది, రాయకపోతే మీ కేసు ఇంకా గట్టిపడుతుంది. వంటగదికి వెళ్లే కేఓటీ చీటీ మీద 'వెజ్' అనో 'కీమా వద్దు' అనో ఉందా అన్నది కూడా తేలాలి. సీసీటీవీ రికార్డు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది కాబట్టి, దాన్నీ కేఓటీనీ భద్రపరచమని ఈ వారమే ఈమెయిల్ పంపండి. ఆ తర్వాత అవి లేవంటే, ఎందుకు లేవో కమిషన్‌కు వాళ్లే చెప్పుకోవాలి. మీరూ నాన్నగారూ జరిగింది జరిగినట్టు ఇప్పుడే విడివిడిగా రాసి పెట్టుకోండి. రేపు అఫిడవిట్‌కు అదే ఆధారం.

ఇక నాన్నగారి పోలీసు కేసు మాట. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ దారి వద్దని గట్టిగా చెబుతున్నాను. మత విశ్వాసాలను గాయపరిచిన నేరం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కిందికి వస్తుంది, పాత ఐపీసీలో 295ఏ. కావాలని, దురుద్దేశంతో చేసినట్టు తేలితేనే అది నేరం. క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో పత్రిక ముఖచిత్రంగా వేసినందుకు మన అనంతపురంలో దాఖలైన కేసును 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటి ఉద్దేశం లేకుండా, అజాగ్రత్త వల్ల జరిగినదానికి ఆ సెక్షన్ వర్తించదని అందులో స్పష్టంగా చెప్పింది. మీకు జరిగింది పొరపాటు. కల్తీ ఆహారమూ కాదు, ఎందుకంటే అది ఆ వంటకం మామూలుగా ఉండే తీరే. పోలీసు ఫిర్యాదు మీ అమ్మగారికి న్యాయం చేయదు, వినియోగదారుల కేసునూ పక్కదారి పట్టిస్తుంది.

పైగా మీకున్న భయం నిజమయ్యేది ఆ దారిలోనే. భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టమూ లేదు. ఢిల్లీలోని అఫ్గాన్‌లలో చాలామంది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు మీదే నెట్టుకొస్తున్నారు. పోలీసులు వస్తే మొదట అడిగేది వాళ్ల కాగితాలే, కీమా సంగతి ఆ తర్వాతే. వినియోగదారుల కమిషన్ అలా కాదు. అక్కడ ప్రతివాది వ్యాపారం పెట్టిన వ్యక్తి లేదా సంస్థ. వెయిటర్ పేరు ఫిర్యాదులో రాయాల్సిన పనే లేదు, 'ఆర్డర్ తీసుకున్న సిబ్బంది' అంటే చాలు. ఎవరి వీసా ఏమిటని కమిషన్ అడగదు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేయాలని మీరు కోరడం లేదని, కేసుకు ముందు రెస్టారెంట్‌కు పంపే నోటీసులోనే ఒక వాక్యం రాయండి. మీరు అడిగిన ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ప్రతివాది ఎవరో తెలుసుకోవడం కష్టం కాదు. బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి, 2022 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. ఆ నంబరును ఆహార లైసెన్సుల వెబ్‌సైట్‌లోనూ, జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లోనూ వెతికితే లైసెన్సు ఎవరి పేరున ఉందో, వ్యాపారం చట్టబద్ధమైన పేరేమిటో వస్తాయి. బోర్డు మీది పేరుతో కేసు వేస్తే నోటీసు అందడం దగ్గరే ఆగిపోతుంది.

ఎక్కడ వేయాలి? ఢిల్లీలో వేయొచ్చు. ఫిర్యాదుదారు ఉండే చోట లేదా పనిచేసే చోట కూడా వేయొచ్చని 2019 చట్టం వీలు కల్పించింది కాబట్టి, మీరు నోయిడా ఉన్న గౌతమ బుద్ధ నగర్ జిల్లా కమిషన్‌లోనూ వేయొచ్చు. డబ్బు కట్టింది మీరైనా, మీ అనుమతితో ఆ సేవ పొందిన మీ అమ్మగారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. అంటే ఆమె పేరు మీద గుంటూరు జిల్లా కమిషన్‌లో కూడా కేసు వేయొచ్చు. బాధపడింది ఆమే కాబట్టి ఆమె ఫిర్యాదుదారుగా ఉండటమే బాగుంటుంది. ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేసుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. కమిషన్ నోటీసు ప్రతివాదికి అందిన మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది.

కేసుకు ముందు ఒక నోటీసు పంపి 15 రోజుల గడువు ఇవ్వండి. ఎక్కువ తీసుకున్న 252 వాపసు, మీ అమ్మగారి పేరు మీద లిఖితపూర్వక క్షమాపణ, ఆమె పడ్డ వేదనకు పరిహారం అడగండి. పరిహారంగా లక్షలు కోరవద్దు. ముంబై కేసులో అడిగింది ఆరు లక్షలు. 25 వేలో 50 వేలో అడిగితే చదివేవాళ్లకు మీ మాట మీద నమ్మకం కుదురుతుంది. నాలుగో కోరికగా ఇది తప్పకుండా చేర్చండి: మెనూలో ప్రతి వంటకం పక్కనా వెజ్, నాన్‌వెజ్ గుర్తు పెట్టాలి. ఆషక్ ఒక్కటే కాదు, కాబూలీ పులావులో కూడా అన్నాన్ని యఖ్నీలోనే, అంటే మాంసం ఉడికించిన రసంలోనే వండుతారు. ముక్కలు పక్కకు తీసి పెట్టినంత మాత్రాన అది శాకాహారం అయిపోదు. వంకాయ, పెరుగుతో చేసే బోరానీ, బంగాళదుంప పెట్టిన బొలానీ మామూలుగా శాకాహారమే. అవి కూడా ఏ నూనెలో, ఏ పెనం మీద చేశారో అడిగి తినాలి. గుర్తులు పెట్టిస్తే మీ తర్వాత వచ్చే కుటుంబానికి ఈ బాధ తప్పుతుంది. కేసు వరకు వెళ్లకుండానే దీనికి ఒప్పుకునే యజమానులు ఉన్నారు. వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటే అక్కడితో ఆపేయడానికి అమ్మగారు ఇష్టపడతారేమో ముందే అడిగి తెలుసుకోండి. ఆ నిర్ణయం మీదీ నాన్నగారిదీ కాదు, ఆమెది.

నోటీసుకు జవాబు రాకపోతే కేసు వేయడానికి ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. అంతవరకు ఆగకండి. ఈమెయిల్ ఈ వారం, నోటీసు ఈ నెలలో వెళ్లాలి.