శాక్సోఫోన్‌పై ఘంటసాల: కింది స్వరాలు ఎందుకు అందవు?

ప్రశ్న: ఘంటసాల గారి పాటలతో జాజ్ ఆల్బం చేయాలనుకుంటున్నాను. నా ఆల్టో శాక్సోఫోన్‌లో కింది స్వరాలు అందడం లేదు, గమకాలు తేలిపోతున్నాయి. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మొదటిది మీ సాధన లోపం కాదు. పాట ఒకటిన్నర శృతిలో, అంటే షడ్జమం సి షార్ప్‌గా, ఉందనుకోండి. మగ గొంతు పాడే మధ్య షడ్జమమే ఆల్టోకి అట్టడుగు స్వరం. ఆల్టో కన్నా పెద్దదైన టెనర్ శాక్సోఫోన్ అయితే సరిగ్గా మంద్ర (కింది స్థాయి) పంచమం దాకా దిగుతుంది. టెనర్‌కు రాసే స్వరం వినిపించే స్వరం కన్నా పైన ఉంటుంది కాబట్టి, ఆ షడ్జమాన్ని డి షార్ప్‌గా రాసుకోవాలి. ఆల్టోనే కావాలంటే ఒక స్థాయి పైన వాయించండి గానీ, చరణం తార (పై స్థాయి) పంచమానికి చేరేసరికి నాదం పల్చబడుతుంది. మా ఓటు టెనర్‌కే.

ప్రతి స్వరానికీ నాలుక తగిలిస్తే గమకం ముక్కలవుతుంది. మాట ఎత్తుగడలోనే నాలుక, మిగతాదంతా ఒకే ఊపిరి. కింది దవడ కాస్త వదిలి, స్వరాన్ని అర మెట్టు కింద నుంచి లాగండి. మూడున్నర నంబరు గట్టి రీడు (మౌత్‌పీస్‌లో కంపించే పుల్ల) ఇందుకు మొండికేస్తుంది. రెండు, రెండున్నర చాలు. ఏ గమకం ఎక్కడో తేలకపోతే మీ ఊళ్లోనే ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది కదా, గాత్రం మాస్టారిని అడగండి.

మీతో పియానో వాయించే ఆయనకు ఒక మాట: మోహన రాగంలో నిషాదం లేదు, షడ్జమం మీద నిషాదం కలిసే సెవెంత్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుత్తి) వేస్తే రాగం చెడుతుంది. సిక్స్త్ వేస్తే స గ ప ద, అన్నీ రాగంలోవే.

బెజవాడ ఎండల్లో ఏసీ లేని గదిలో శృతి పైకెక్కుతుంది. మౌత్‌పీస్‌ను కార్కు మీద ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగి తంబూరాతో సరిచూసుకోండి. హక్కుదారుల అనుమతి మాత్రం రికార్డింగుకు ముందే.