సముద్రగర్భపు మట్టికి వయసు కట్టేదెలా?

చెన్నై మెరీనా ఎదుట ఉన్న బంగాళాఖాతం అడుగున పేరుకున్న మట్టి ఏ కాలానిదో ఎలా చెబుతారన్నది ప్రశ్న.

జీవుల అవశేషాలలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచే రేడియోకార్బన్ పద్ధతి సుమారు 50,000 ఏళ్లకు మించి పనికిరాదు. అంతకన్నా పాత పొరలలో ముందుగా ఫోరామినిఫెరా వంటి ఏకకణ జీవుల సున్నపు గుల్లలను పరిశీలించి, ఏ జాతి ఏ లోతున మొదలై ఏ లోతున అంతరించిందో చూస్తే కాలం స్థూలంగా తెలుస్తుంది.

సూక్ష్మమైన లెక్క మాత్రం ఆకాశం నుంచే వస్తుంది. భూకక్ష్య ఆకారం సుమారు 1,00,000, 4,05,000 ఏళ్ల చక్రాలలోనూ, అక్షపు వాలు 41,000 ఏళ్ల చక్రంలోనూ మారుతుంటాయి. ఉగాదికి మైలాపూరులో మనం కొనుక్కునే పంచాంగంలోని అయనాంశకు కారణమైన అక్షచలనమే, అంటే భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడమే, కక్ష్య తిరుగుడుతో కలిసి 19,000 నుంచి 23,000 ఏళ్ల చక్రమవుతుంది. వీటివల్ల ఎండ తీవ్రత మారి, హిమరాశులూ రుతుపవనాలూ మారి, ఆ జాడ మట్టి రంగులోనూ గుల్లలలోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) నిష్పత్తిలోనూ మిగులుతుంది. ఆ హెచ్చుతగ్గులను గణించిన కక్ష్యా వక్రరేఖతో సరిపోల్చి వయసు కడతారు. చక్రాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి గనుక ఒకటి తప్పి లెక్కించే ప్రమాదముంది, దానిని పట్టిచ్చేవి గుల్లలే.

ఈ పద్ధతి బలం 1990లో తేలింది: భూ అయస్కాంత ధ్రువాలు చివరిసారి తారుమారైనది 7,30,000 ఏళ్ల క్రితమని రాళ్ల వయసు కట్టే పొటాషియం–ఆర్గాన్ లెక్కలు చెబుతుండగా, బ్రిటిష్ శాస్త్రవేత్త నికొలస్ షాకిల్టన్ బృందం సముద్రపు మట్టిని బట్టి 7,80,000 అన్నది. తరువాతి ఆర్గాన్ కొలతలు దానివైపే మొగ్గాయి. అయితే గ్రహగతులలోని అస్తవ్యస్తత వల్ల సుమారు 5 కోట్ల ఏళ్లకు మించి పూర్తి కక్ష్యాగణనం నిలవదు. అక్కడ 4,05,000 ఏళ్ల చక్రమొక్కటే నమ్మదగినది.