టెక్ సందేహాలు: నవల మీది, మరి ఫైలు ఎవరి దగ్గరుంది?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. కావలి, ఒంగోలు, పొదిలి నుంచి ముగ్గురూ సొంత ఖర్చుతో నవల వేసుకునే పని గురించే అడిగారు. అందుకని ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు వచ్చే వారానికి ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

*బాబూ, నేను కావలిలో రిటైరైన తెలుగు మాస్టారిని. పొగాకు రైతుల మీద నవల రాసి, నాలుగేళ్ల కిందట డీటీపీ చేయించి 300 కాపీలు వేశాను. అన్నీ అయిపోయాయి. ఈ-బుక్‌గా పెడదామని పేజ్‌మేకర్ ఫైలులోంచి ఒక పేజీ కాపీ చేసి మనవరాలికి వాట్సాప్‌లో పంపితే అంతా ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. ఫైలు పాడైందా? మళ్లీ టైపు చేయించాలా?*

మాస్టారూ, టెన్షన్ పడకండి. ఫైలు పాడవలేదు, మళ్లీ టైపు చేయించే పనీ లేదు. మీ నవల అను ఫాంట్లలో ఉంది, అంతే. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్న కంప్యూటర్లో బొమ్మ కనిపిస్తుంది. అది లేని ఫోనులోకి వెళ్లగానే బొమ్మ పోయి, కింద ఉన్న ఇంగ్లిష్ అక్షరం బయటపడుతుంది. యూనికోడ్ పద్ధతి వేరు. అందులో 'క'కు ఏ ఫోనులోనైనా, ఏ కంప్యూటర్లోనైనా ఒకటే నంబరు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మన డీటీపీ షాపుల్లో చాలావాటిలో మాత్రం ఇప్పటికీ యూనికోడ్ తెలియని పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకరే నడుస్తోంది. 2001లో 7.0 వచ్చాక అడోబ్ దానికి కొత్త వెర్షన్ తేలేదు.

అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఫైలు ఏ అను వెర్షన్‌లో చేశారో డీటీపీ ఆయన్ని అడిగి రాసుకోండి, కొన్ని కన్వర్టర్లు అది అడుగుతాయి. నవల మొత్తం ఒకేసారి వేయకుండా అధ్యాయం తర్వాత అధ్యాయం మార్చండి.

అసలు పని ఆ తర్వాతే. కన్వర్టర్ ఎంత మంచిదైనా కొన్ని చోట్ల తడబడుతుంది. నా అనుభవంలో ఎక్కువ తప్పులొచ్చేది ర వత్తు దగ్గర, తర్వాత ఘ, ఝ, ఋ లాంటి అరుదైన అక్షరాల దగ్గర. గుణింతం గుర్తో, వత్తో తన అక్షరాన్ని వదిలి ఒంటరిగా పడితే, దాని పక్కన చుక్కలతో గీసిన చిన్న గుండ్రం కనిపిస్తుంది. ఆ గుండ్రాన్ని కంట్రోల్-ఎఫ్‌తో వెతికితే దొరకదు. అది మీ ఫైల్లో ఉన్న అక్షరం కాదు, తెర మీద కంప్యూటర్ చూపించే హెచ్చరిక. కాబట్టి వెతికే పెట్టెలో ఖాళీ (స్పేస్) కొట్టి, దాని పక్కన పొల్లు గుర్తు పెట్టి వెతకండి. తర్వాత ఖాళీ పక్కన ఇకారం, ఉకారం... ఇలా ఒక్కొక్కటీ. ఒంటరి గుర్తులన్నీ అరగంటలో దొరికిపోతాయి.

ఇంకొకటి, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలు చూసుకోండి. పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అడ్డు అక్షరం లేకపోతే 'వే' వెళ్లి 'ట'కు వత్తుగా అతుక్కుని 'సాఫ్ట్వేర్' అయిపోతుంది. ఎంఎస్ వర్డ్‌లో ఆ పొల్లు పక్కన కర్సర్ పెట్టి, ఇంగ్లిష్ కీబోర్డుతో 200, దాని పక్కనే సి కొట్టి, ఆల్ట్-ఎక్స్ నొక్కితే ఆ అడ్డు పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఒకరు అచ్చు పుస్తకం పైకి చదువుతుంటే, ఇంకొకరు తెర మీద చూస్తూ రావాల్సిందే. మీ మనవరాలిని కూర్చోబెట్టుకోండి. ఈ పనిని చాట్‌జీపీటీ లాంటి వాటికి అప్పగించొద్దని నా మాట. మీ పొగాకు రైతు 'వస్తా ఉండాడు' అంటాడు. అది దాన్ని తప్పనుకుని 'వస్తున్నాడు' అని దిద్దేస్తుంది, దిద్దినట్టు మీకు చెప్పకపోవచ్చు కూడా. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకునే మనిషి వార్తలు చదివేవాడిలా మాట్లాడితే నవల ఏం కావాలి?

ఫైలు శుభ్రమయ్యాక గూగుల్ డాక్స్‌లో పెట్టి, అధ్యాయాల పేర్లకు హెడింగ్ 1 ఇవ్వండి. ఫైల్ మెనూలో డౌన్‌లోడ్‌కు వెళ్లి ఈపబ్ (ఈ-బుక్ ఫైలు రకం) ఎంచుకోండి. గూగుల్ ప్లే బుక్స్ పార్ట్‌నర్ సెంటర్ ఈ ఈపబ్‌ను తీసుకుంటుంది. కిండిల్‌లో పెట్టాలనుకుంటే ముందు వాళ్ల భాషల జాబితా చూడండి. 2016 చివర్లో అమెజాన్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. ఇప్పుడుందో లేదో చూసుకున్నాకే కవరు మీద ఖర్చు పెట్టండి. వారానికో అధ్యాయం చొప్పున పాఠకులకు అందించాలంటే ప్రతిలిపి అనే కథల యాప్ ఉంది.

ఫైలే పోయినవాళ్లకూ దారి ఉంది. మా బాబాయి కవితల పుస్తకం అలాగే పోయింది. డీటీపీ చేసిన షాపు కంప్యూటర్‌ను ఫార్మాట్ చేశారు, బాబాయి దగ్గర మిగిలింది ఒక్క అచ్చు కాపీ. ఫోన్లో స్కానర్ యాప్‌తో 140 పేజీలూ తీసి గూగుల్ డ్రైవ్‌లో వేశాను. ఒక్కో పేజీ మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, బొమ్మలోని తెలుగు దిద్దుకోగలిగే అక్షరాలుగా వచ్చింది. రెండు ఆదివారాలు పట్టింది. ఆ షాపు వాళ్లను నేనేమీ అనను. పుస్తకం అచ్చయిన రోజే ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోవాల్సింది మేమే.

*అన్నా, మాది ఒంగోలు. ఇది నా మొదటి నవల. ఒక సంస్థ వాళ్లు 45 వేలు కడితే ఐఎస్‌బీఎన్, కాపీరైట్, డిజైన్, ప్రింటింగ్, ప్రమోషన్ అన్నీ మేమే చూస్తామంటున్నారు. ఇవ్వొచ్చా?*

తమ్ముడూ, దేనికెంతో విడివిడిగా రాసిమ్మని అడుగు. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు. దానికి ఒక్క రూపాయి వేసినా అక్కడే ఆగు. మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వెబ్‌సైట్లో రచయితే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చు పుస్తకానికొకటి, ఈ-బుక్‌కొకటి వేరువేరుగా తీసుకోవాలి. నీ పేరు మీద తీసుకుంటే ప్రచురణకర్తవు నువ్వే. వాళ్లు తీసుకుంటే ఆ నంబరు వాళ్ల సంస్థ పేరు మీద ఉంటుంది.

కాపీరైట్ నువ్వు రాసిన క్షణం నుంచే నీది. 1957 చట్టం ప్రకారం అది రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రేపు ఎవరైనా పీడీఎఫ్‌ను టెలిగ్రామ్‌లో పెడితే చూపించడానికి పనికొస్తుందనుకుంటే చేయించుకో.

డిజైన్‌కు, ప్రింటింగ్‌కు మాత్రం డబ్బు పెట్టాల్సిందే, అక్కడ బేరమాడి నాసిరకం తెచ్చుకోవద్దు. పని యూనికోడ్‌లోనే చేయమని ముందే చెప్పు. పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకుంటే తెలుగు వత్తులు సరిగ్గా పడతాయి. ఆ సంగతి తెలియకే కొందరు ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదంటారు. మండలి, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఫాంట్లు అమ్మకానికి వేసే పుస్తకాల్లోనూ ఉచితంగా వాడుకోవచ్చు. పేజీల లెక్క 16తో భాగమయ్యేలా చూసుకుంటే, 16 పేజీలు కలిపి అచ్చేసే ఫారాల్లో కాగితం వృథా కాదు.

అన్నిటికంటే ముందు, పీడీఎఫ్‌తో పాటు దిద్దుకోగలిగే ఓపెన్ ఫైలు, కవరు ఓపెన్ ఫైలు కూడా ఇస్తామని కాగితం మీద రాయించుకో. పీడీఎఫ్ ఒక్కటే చేతిలో ఉంటే రెండో ముద్రణలో ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి. రాసివ్వమంటే నీళ్లు నములుతున్నారా, వేరేవాళ్లను చూసుకో.

*సార్, మా అమ్మ రాసిన నవల 500 కాపీలు పొదిలిలో మా ఇంట్లో అట్టపెట్టెల్లో ఉన్నాయి. అమ్మకు ఫేస్‌బుక్ కూడా రాదు. యాడ్స్ పెట్టమంటారా?*

వద్దమ్మా, ఇప్పుడే వద్దు. యాడ్ చూసి ముక్కూ మొహం తెలియని రచయిత్రి నవల కొనేవాళ్లు తక్కువ. ముందు అమ్మ గొంతు వినిపించు. మొదటి అధ్యాయంలో మంచి సన్నివేశం ఒకటి, నాలుగైదు నిమిషాలు, అమ్మ చేతే చదివించు. ఫోను అడ్డంగా పట్టుకో, ఫ్యాను ఆపు. పరుపులు, దుప్పట్లు ఉన్న గదైతే గొంతు మోగదు. ఆ వీడియో యూట్యూబ్‌లో పెట్టి, లింకు వాట్సాప్‌లో పంపు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టుకోవచ్చు. కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది, అందుకని ముందు సేవ్ చేసుకోమని అడగాలి. డబ్ల్యూఏ డాట్ ఎంఈ స్లాష్ 91, దాని పక్కనే పది అంకెల మీ నంబరు. ఈ లింకును క్యూఆర్ కోడ్‌గా మార్చి స్టిక్కర్లు వేయించి, పుస్తకం వెనక అట్ట మీద అంటించు. చదివినవాళ్లు స్కాన్ చేస్తే నేరుగా అమ్మ చాట్ తెరుచుకుంటుంది. అభిప్రాయమూ, కొత్త ఆర్డరూ అక్కడికే వస్తాయి. దీనికి అమ్మ సొంత నంబరు కాకుండా వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ వేయడం మంచిది.

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది. అక్కడ సొంతంగా స్టాలు తీసుకోకుండా, తెలిసిన ప్రచురణకర్తల స్టాలులో ఇరవై కాపీలు పెట్టించండి. ఒక రోజు అమ్మను కూడా తీసుకెళ్లు.

కొన్న ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఫోను నంబరు ఒక గూగుల్ షీటులో రాసిపెట్టు. ఆ షీటు నీ మెయిల్‌లోనే కాకుండా అమ్మ మెయిల్‌లో కూడా ఉండాలి. అమ్మ రెండో నవల మొదలుపెట్టారని ఉత్తరం చివర రాశావు. అది వచ్చాక మొదటి మెసేజ్ ఆ షీటులో ఉన్నవాళ్లకే పంపు.